గడప దగ్గరే ఏడాది

టర్కీలో మంచి యూనివర్సిటీలో సీటు రావడమంటే ఆషామాషీ కాదు. దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష. 2023లో దానికి దరఖాస్తు చేసినవాళ్లే సుమారు 35 లక్షల మంది. ముందు వరుస ర్యాంకుల వాళ్లకే అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలోనో, ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ జలసంధి పక్కనున్న బోవాజిచి యూనివర్సిటీలోనో చోటు దొరుకుతుంది. అక్కడ చదువంతా ఇంగ్లిషులోనే. అందుకే చేరీ చేరగానే మరో పరీక్ష పెడతారు. ఇంగ్లిషులో పాఠం వింటే అర్థమవుతుందా, పుస్తకం చదవగలరా, ఒక వ్యాసం రాయగలరా అని చూస్తారు. గట్టెక్కినవాళ్లు నేరుగా తమ డిపార్ట్‌మెంటులో మొదటి సంవత్సరంలోకి వెళ్లిపోతారు. మిగతావాళ్లు ముందు ఒక ఏడాది ఇంగ్లిషే చదవాలి. అక్కడి పిల్లలు దీన్ని హజిర్లిక్ అంటారు. మనం సన్నాహక సంవత్సరం అనుకోవచ్చు. నిన్నటిదాకా కాల్‌క్యులస్ లెక్కలు అలవోకగా చేసిన అమ్మాయి, ఈ ఏడాది తన పేరూ ఊరూ ఇంగ్లిషులో చెప్పడం నేర్పే తరగతిలో కూర్చుంటుంది.

అలా కూర్చున్నప్పుడు మనసులో ఏం జరుగుతుందని అడిగితే మామూలుగా వచ్చే జవాబు భయమని. మందు కూడా వెంటనే చెప్పేస్తారు. ధైర్యం తెచ్చుకోవాలి, తప్పులకు సిగ్గుపడకూడదు, నోరు విప్పాలి. ఈ జవాబు సగమే నిజమనీ, ఈ మందు ఆ సగానికి కూడా సరిపోదనీ నా వాదన. సన్నాహక ఏడాదిలో విద్యార్థిని కుంగదీసేవి భయం, విసుగు, చిన్నతనం అనే మూడు. ఈ మూడింటిలో పిల్లల స్వభావం పాత్ర తక్కువ, ఆ ఏడాదికి యూనివర్సిటీలు పెట్టిన నియమాల పాత్ర ఎక్కువ. అందుకే పిల్లల్ని సరిదిద్దే ముందు ఆ నియమాలను సరిచూడాలి.

వాయిదా పడిన పని

ఈ ఏడాది ఎందుకు అవసరమైందో తెలియకపోతే దాని బరువూ తెలియదు. టర్కీలో ఇంగ్లిషు మీడియం ఉన్నత విద్యకు పాత చరిత్రే ఉంది. ఇస్తాంబుల్‌లో 1863లో మొదలైన అమెరికన్ సంస్థ రాబర్ట్ కాలేజీ ఆవరణలోనే 1971లో బోవాజిచి యూనివర్సిటీ ఏర్పడింది. అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీ 1956లో పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషులోనే బోధిస్తోంది. 1984లో దేశంలో తొలి ప్రైవేటు యూనివర్సిటీగా వచ్చిన బిల్కెంట్ కూడా అదే బాట పట్టింది. ఆ తర్వాత ఎన్నో సంస్థలు కొన్ని కోర్సులను పూర్తిగానూ, కొన్నింటిని పాక్షికంగానూ ఇంగ్లిషులోకి మార్చాయి. బడి మాత్రం ఈ వేగాన్ని అందుకోలేదు. 2012 సంస్కరణల తర్వాత అక్కడి పిల్లలు రెండో తరగతి నుంచే ఇంగ్లిషు చదువుతున్నారు. అయినా బ్రిటిష్ కౌన్సిల్, అంకారాలోని ఆర్థిక విధాన పరిశోధన సంస్థ తెపావ్ కలిసి 2013లో వెలువరించిన అధ్యయనం నిరాశే మిగిల్చింది. హైస్కూలు చదువు ముగిసేనాటికి వెయ్యికి పైగా గంటల ఇంగ్లిషు పాఠాలు విన్నా ఎక్కువమంది ప్రాథమిక స్థాయి దాటడం లేదని అది తేల్చింది. ఇంగ్లిషును మాట్లాడే భాషగా నేర్పకుండా, వ్యాకరణ సూత్రాలున్న ఒక సబ్జెక్టుగా నేర్పడమే ప్రధాన లోపమని చెప్పింది.

దీనికి ప్రవేశ పరీక్ష కూడా తోడైంది. భాషా సాహిత్య కోర్సులు కోరుకునేవాళ్లకు తప్ప మిగతావాళ్ల ర్యాంకును ఇంగ్లిషు తేల్చదు. ఇంజినీరు కావాలనుకునే పిల్లవాడికి లెక్కలూ సైన్సూ టర్కిష్ భాషా ముఖ్యం. హైస్కూలు చివరి ఏళ్లలో ఇంగ్లిషు పుస్తకం తెరిచినవాడు మార్కులు పోగొట్టుకుంటాడు, మూసినవాడు ర్యాంకు తెచ్చుకుంటాడు. అంటే ఇంగ్లిషును పక్కన పెట్టమని వ్యవస్థే చెప్పింది, పిల్లలు విన్నారు. అలా విన్నందుకు బహుమతిగా వచ్చిన సీటు దగ్గరే ఇంగ్లిషు రాలేదని వాళ్లను ఆపుతున్నారు. విద్యార్థి మనసులోని చేదుకు మొదటి కారణం ఈ అడ్డదిడ్డమే. పన్నెండేళ్లలో జరగాల్సిన పనిని పది నెలల్లోకి కుదించి, జరగకపోతే బాధ్యత నీదే అంటున్నారు.

ఆ పది నెలలూ ఎలా గడుస్తాయో చూద్దాం. వారానికి ఇరవైకి పైగా గంటల తరగతులు. ఐరోపా దేశాలు భాషా సామర్థ్యానికి వాడే ఏ1 నుంచి సీ2 వరకున్న కొలబద్ద ప్రకారం పిల్లలను స్థాయిలుగా విడదీస్తారు. చిన్న పరీక్షలు, వ్యాసాలు, హాజరు లెక్కలు సరేసరి. చివర్లో ఒక పెద్ద పరీక్ష. ఏడాదంతా కష్టపడినా ఆ మార్కులు డిగ్రీ లెక్కలోకి రావు. ప్రైవేటు యూనివర్సిటీలైతే ఈ ఏడాదికీ ఫీజు కట్టించుకుంటాయి. రెండేళ్లు గడిచినా పరీక్ష నెగ్గకపోతే ఆ కోర్సులో సీటు పోతుంది. కావాలంటే టర్కిష్ భాషలో బోధించే అదే తరహా కోర్సుకు మారడానికి దారి ఉంటుంది. అప్పటికి వయసు రెండేళ్లు పెరిగి ఉంటుంది, తోటివాళ్లు ముందుకెళ్లిపోయి ఉంటారు.

భయం వెనక ఏముంది

పరాయి భాష తరగతిలోని భయానికి తనదైన రూపం ఉందని గట్టిగా చెప్పిన తొలి పరిశోధకుల్లో ఎలెయిన్ హార్విట్జ్ ఒకరు. అమెరికాలోని టెక్సస్ యూనివర్సిటీలో ఆమె, ఆమె సహచరులు 1986లో ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాది. 33 వాక్యాలతో వాళ్లు తయారుచేసిన ప్రశ్నావళిని టర్కీతో సహా ఎన్నో దేశాల్లో నేటికీ వాడుతున్నారు. టీచరు తన పేరు పిలుస్తారేమోనని గుండె దడదడలాడటం, ముందుగా తయారు కాకుండా మాట్లాడాల్సి వస్తే గాభరాపడటం, తోటివాళ్లు నవ్వుతారేమోనని వెనకాడటం వంటివి అందులో ఉన్నాయి. నలుగురిలో మాట్లాడటానికి బెరుకు, పరీక్ష అంటే దిగులు, ఎదుటివాళ్లు తక్కువగా అంచనా వేస్తారన్న శంక ఈ భయంలో కలిసి ఉంటాయి. అయితే హార్విట్జ్ బృందం అసలు మర్మం మరోచోట ఉందన్నది. ఎదిగిన మనిషి తనను తాను తెలివైనవాడిగా, మాట నేర్పు ఉన్నవాడిగా అనుకుంటాడు. ఆ నమ్మకాన్ని రోజూ పరీక్షకు పెట్టేది పరాయి భాష తరగతి. లెక్కల క్లాసులో జవాబు తప్పితే పోయేది జవాబే. భాష క్లాసులో మాట తడబడితే మనిషే తక్కువగా కనిపిస్తాడు. చెప్పాలనుకున్నది పద్దెనిమిదేళ్ల వయసుకు తగ్గ ఆలోచన, నోట్లోంచి వచ్చేది ఆరేళ్ల పిల్లల వాక్యం.

సన్నాహక ఏడాది ఈ గాయాన్ని మరింత పెద్దది చేస్తుంది. మామూలుగా భాష నేర్చుకునేవాళ్లకు రోజులో ఒక గంట ఇలా గడుస్తుంది. మిగతా గంటల్లో వాళ్లు తమకు బాగా వచ్చిన పనులు చేసుకుంటూ తిరిగి నిలదొక్కుకుంటారు. హజిర్లిక్ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. లెక్కల్లో ఉన్న పట్టును చూపించడానికి లెక్కల క్లాసే లేదు. ఏ బలంతో యూనివర్సిటీకి వచ్చారో ఆ బలానికి ఏడాది పాటు సెలవు. పైగా వీళ్లు ఎక్కువగా మొదటిసారి ఇల్లు వదిలి, హాస్టల్‌లో ఉంటూ, కొత్త ఊళ్లో కొత్త స్నేహాలు వెతుక్కునే వయసువాళ్లు. తామెవరో చెప్పుకోవాల్సిన రోజుల్లోనే మాట కరవవుతుంది.

విసుగుకు కారణం బద్ధకం కాదు

భయం గురించి ఎంతో రాశారు గానీ, విసుగును పరిశోధకులు సీరియస్‌గా తీసుకున్నది ఆలస్యంగానే. ఎందుకంటే విసుగు గొడవ చేయదు. భయపడ్డ విద్యార్థి చేతులు వణుకుతాయి, విసిగిన విద్యార్థి వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటాడు. టీచరుకది బద్ధకంగా కనిపిస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త రైన్‌హార్డ్ పెక్రున్ 2006లో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. చదువులో పుట్టే భావాలన్నీ రెండు ప్రశ్నలకు విద్యార్థి తనకు తాను చెప్పుకునే జవాబుల మీద ఆధారపడతాయని ఆయన అంటారు. ఇది నా చేతిలో ఉందా? ఇది నాకు అక్కరకొస్తుందా? రెంటికీ అవునని జవాబొస్తే ఆనందం. అక్కర గట్టిగా ఉండి, చేతిలో ఉందో లేదో తేలకపోతే ఆందోళన. అక్కర ఉండీ చేతిలో ఏమాత్రం లేదనిపిస్తే నిస్పృహ. అసలు అక్కరే కనిపించకపోతే విసుగు.

ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని హజిర్లిక్‌ను చూడండి. ఇది నా చేతిలో ఉందా అంటే, ఏడాది శ్రమ ఫలితం దాదాపుగా ఒక చివరి పరీక్ష మీద వేలాడుతోంది. అక్కరకొస్తుందా అంటే, కంప్యూటర్ ఇంజినీరింగుకు వచ్చిన విద్యార్థి సెలవుల ప్రయాణాల గురించీ, సినీతారల జీవితాల గురించీ ఉన్న పాఠ్యపుస్తకాన్ని తిరగేస్తున్నాడు. బ్రిటిష్ కౌన్సిల్, తెపావ్ 2015లో టర్కీ యూనివర్సిటీల మీద చేసిన మరో అధ్యయనం ఇదే సంగతి ఎత్తిచూపింది. సన్నాహక తరగతుల్లో విద్యార్థుల ఆసక్తి తక్కువగా ఉందనీ, అక్కడ నేర్పే సాధారణ ఇంగ్లిషుకూ తర్వాత చదవబోయే సబ్జెక్టుకూ సంబంధం కనబడకపోవడం అందుకు ఒక కారణమనీ, బోధనను చదువులకు కావాల్సిన ఇంగ్లిషు వైపు మళ్లించాలనీ అది సూచించింది. పరీక్ష చూస్తే ప్రాణం మీదికొస్తుంది, పాఠం చూస్తే ప్రాణం విసుగెత్తుతుంది. ఒకే విద్యార్థిలో ఒకే రోజు ఈ రెండూ ఉండటానికి కారణం మనసు నిలకడగా లేకపోవడం కాదు. పరీక్షకు విపరీతమైన విలువ కట్టి, పాఠానికి విలువ లేకుండా చేసిన ఏర్పాటు అది.

మూడోది చిన్నతనం. ఇది ఎక్కువగా రెండో ఏడాది కూడా అక్కడే మిగిలిపోయినవాళ్లను పట్టుకుంటుంది. తనతో చేరినవాళ్లు డిపార్ట్‌మెంటులో ల్యాబులు చేస్తుంటారు, తాను మళ్లీ అదే భవనంలో, తనకంటే చిన్నవాళ్ల పక్కన. ఇంటికి ఫోన్ చేస్తే క్లాసులు ఎలా ఉన్నాయని అడుగుతారు. యూనివర్సిటీలో చేరీ ఇంకా కోర్సు మొదలుపెట్టలేదని చుట్టాలకు విడమరిచి చెప్పడం ఎవరికైనా కష్టమే. పెక్రున్ మాటల్లో చూస్తే, ఓటమికి కారణం తానేనని నమ్మినప్పుడు పుట్టేది సిగ్గు. పన్నెండేళ్ల బడి, ర్యాంకు లెక్క, ఒంటి పరీక్ష కలిసి తెచ్చిన ఫలితాన్ని విద్యార్థి ఒక్కడే తన అసమర్థతగా రాసుకుంటాడు. సిగ్గుపడ్డవాడు సాయం అడగడు, సాయం అడగనివాడు మరింత వెనకబడతాడు.

ఆనందమూ ఉంటుంది

ఇంత చెప్పాక ఆ ఏడాదంతా చీకటే అనుకుంటే పొరపాటు. భాషా పరిశోధకులు జాన్ మార్క్ డెవాలె, పీటర్ మెకింటైర్ 2014లో పలు దేశాలకు చెందిన 1,746 మంది భాషా విద్యార్థుల జవాబులు పరిశీలించారు. భయమూ ఆనందమూ ఒకే గీతకు రెండు కొసలు కావనీ, ఒకటి తగ్గినంత మాత్రాన రెండోది దానంతటదే పెరగదనీ తేలింది. భయం ఉన్న తరగతిలోనే ఆనందమూ ఉండవచ్చు. భయం పోయిన తరగతిలో ఏ భావమూ మిగలకపోనూ వచ్చు. ఆ తర్వాత లండన్ హైస్కూళ్లలో డెవాలె బృందం చేసిన పరిశీలనలో మరో తేడా బయటపడింది. విద్యార్థి ఆనందం టీచరు తీరుతో గట్టిగా ముడిపడి ఉంది, భయం అంతగా ముడిపడి లేదు. మంచి టీచరు తరగతిని హాయిగా మార్చగలరు గానీ, తరగతి బయటి నుంచి వచ్చే ఒత్తిడిని ఒంటిచేత్తో తీసేయలేరన్నది దీన్నుంచి నేను తీసుకునే అర్థం. ఇది హజిర్లిక్‌కు బాగా అతుకుతుంది. రోజూ కలిసే చిన్న బృందం, పేరు పెట్టి పిలిచే టీచరు, కలిసి తప్పులు చేసి కలిసి నవ్వుకునే తోటివాళ్లు. పెద్ద లెక్చర్ హాళ్లలో దొరకని ఈ దగ్గరితనం ఆ ఏడాదికున్న అసలు బలం. అంత బలమున్న చోట కూడా ఇంత ఆందోళన ఉందంటే, దాని వేరు తరగతి గది గోడల బయటే ఉందనుకోవాలి.

ఈ వాదన మీద ముందుగా వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. రిచర్డ్ స్పార్క్స్, లియనోర్ గాన్‌షో అనే అమెరికన్ పరిశోధకులు 1990లలో పదేపదే అన్నదదే. భయం వల్ల భాష రాకపోవడం లేదు, భాష రాకపోవడం వల్లే భయం వస్తోందని వాళ్ల వాదన. మాతృభాషలోనే ధ్వనులను, అక్షరాలను పట్టుకోవడంలో కొందరికి సూక్ష్మమైన ఇబ్బందులు ఉంటాయి, పరాయి భాషలో అవి బయటపడతాయి, ఆందోళన ఆ కష్టానికి నీడ మాత్రమే అన్నారు. అలాగైతే మనోభావాల గొడవ మానేసి ఇంగ్లిషు బాగా నేర్పితే చాలు. ఇందులో నిజముంది. 2019లో తైమూరి అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వందకు దగ్గరగా ఉన్న పరిశోధనలను కలిపి చూస్తే, భాషా భయానికీ మార్కులకూ మధ్య సంబంధం సగటున మైనస్ 0.36గా తేలింది. అంటే భయం ఎక్కువున్నచోట మార్కులు తక్కువ. కానీ ఈ సంబంధం చెప్పేది విద్యార్థుల మార్కుల్లో ఉన్న తేడాల్లో సుమారు ఎనిమిదో వంతు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఈ లెక్కలు చెప్పలేవు.

దానికి కెనడాలో జరిగిన ఒక ప్రయోగం జవాబిస్తుంది. మెకింటైర్, రాబర్ట్ గార్డ్‌నర్ 1994లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న 72 మంది విద్యార్థులకు కంప్యూటర్ మీద కొత్త మాటలు నేర్పారు. వాళ్లను బృందాలుగా విడదీసి, ఒక్కో బృందం ముందు ఒక్కో దశలో వీడియో కెమెరా తెచ్చిపెట్టారు. ఒక బృందానికి అసలు పెట్టలేదు. కెమెరా వచ్చినచోట ఆందోళన పెరిగింది, నేర్చుకోవడం కుంటుపడింది. విద్యార్థుల తెలివి మారలేదు, పాఠం మారలేదు, మారింది ఎవరో చూస్తున్నారన్న స్పృహ ఒక్కటే. కాబట్టి భయం నీడ మాత్రమే కాదు, అదీ అడ్డుపడుతుంది. భాష రాక భయం, భయంతో భాష రాకపోవడం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. బాగా నేర్పడం ఒక చోటు, మోపిన బరువు తగ్గించడం మరో చోటు. పైగా స్పార్క్స్ వాదన విసుగును వివరించలేదు. ఇంగ్లిషు ఓ మాదిరిగా వచ్చినవాళ్లు కూడా ఆ తరగతుల్లో విసిగిపోతున్నారు.

కాస్త భయం ఉండాలి, లేకపోతే ఎవరూ చదవరు అనేది రెండో అభ్యంతరం. నిజమే, పరీక్ష రేపుందంటేనే పుస్తకం తీసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. చురుకు పుట్టించే ఆందోళన వేరు, కాళ్లూచేతులూ ఆడనివ్వని ఆందోళన వేరని మనస్తత్వ శాస్త్రం 1960 నాటికే గుర్తించింది. కానీ ఏ ఆందోళన చురుకు పుట్టిస్తుంది? శ్రమకూ ఫలితానికీ మధ్య దారి కనిపించేది. వారం చదివితే వారం తర్వాత ఒక మెట్టు ఎక్కుతానని తెలిసినవాడికి భయం తోవ చూపిస్తుంది. పది నెలల తర్వాత ఒక్క రోజు తేల్చే పరీక్ష ముందు అదే భయం మనిషిని స్తంభింపజేస్తుంది. భయం మోతాదుకన్నా, దాన్ని పనిగా మార్చుకునే దారి ఉందా లేదా అన్నదే ముఖ్యం.

మూడోది లోతైనది. ఇంత బాధ ఎందుకు, అసలు చదువు మాతృభాషలోనే చెప్పవచ్చు కదా? టర్కీలో ఈ మాటను అందరికన్నా గట్టిగా అన్నది ఒక్తాయ్ సినానోలు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో పనిచేసిన ఈ రసాయన శాస్త్రవేత్త పరాయి భాషలో బోధన మీద జీవితాంతం పోరాడారు. ఆ వాదన బలాన్ని కాదనలేం. ఒక విషయం బాగా అర్థం కావడానికి సొంత భాషను మించింది లేదు. కానీ టర్కీలో టర్కిష్ భాషలో ఇంజినీరింగు చెప్పే యూనివర్సిటీలు ఎన్నో ఉన్నాయి. ఆ దారి తెరిచే ఉన్నా, మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ఇంగ్లిషు కోర్సుల వైపే పోతున్నారు. ఉద్యోగాలు, పై చదువులు, పరిశోధన పత్రాలు వాళ్లను అటు లాగుతున్నాయి. ఆ కోరికను తప్పుపట్టడం విధానకర్తల పని కాదు. రెండు దారులూ గౌరవంగా ఉండేలా చూడటం వాళ్ల పని. టర్కిష్ కోర్సును ఇంగ్లిషులో తప్పినవాళ్లకు మిగిలే చోటుగా చూసినంత కాలం, విద్యార్థి సిగ్గూ తగ్గదు, టర్కిష్ భాష గౌరవమూ పెరగదు.

ఏం మార్చాలి

నియమాలను మార్చడమంటే ప్రమాణాలు దించడమని భయపడక్కర్లేదు. చివరి స్థాయిని అలాగే ఉంచి, దాన్ని చేరే దారిని మెట్లుగా కట్టవచ్చు. ఒక్క పెద్ద పరీక్షకు బదులు ఏడాదిలో నాలుగు దశలు పెట్టి, దాటిన దశ మళ్లీ పోకుండా చేస్తే, ఇది నా చేతిలో ఉందా అన్న ప్రశ్నకు జవాబు మారుతుంది. తొలి వారాల నుంచే విద్యార్థి చదవబోయే శాస్త్రం నుంచి చిన్న వ్యాసాలు, పటాలు, లెక్చర్ ముక్కలు పాఠంగా వస్తే, అక్కరకొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు మారుతుంది. డిపార్ట్‌మెంటులోని ఒక కోర్సును ఆ ఏడాదే చదవనిస్తే ఇంకా మంచిది. తనకు వచ్చిన లెక్కలనే ఇంగ్లిషులో వివరించే విద్యార్థి తెలివైనవాడిగా ఉంటూనే భాష నేర్చుకుంటాడు. ఆ ఏడాది శ్రమలో కొంతైనా డిగ్రీ లెక్కలోకి తీసుకుంటే, ఎందుకూ పనికిరాని ఏడాదన్న మాట పోతుంది. తరగతిలో మొత్తం అందరి ముందు మాట్లాడించే ముందు ఇద్దరిద్దరిగా మాట్లాడించడం, ప్రతి తప్పునూ అక్కడికక్కడే దిద్దకుండా ఉండటం టీచర్లు ఎరిగినవే. అయితే ఇవన్నీ పైన చెప్పిన మార్పులతో కలిస్తేనే పనిచేస్తాయి. ఒంటి పరీక్ష నెత్తిన వేలాడుతుంటే ధైర్యవచనాలు ఎంతసేపు నిలుస్తాయి?

ఈ కథలో తెలుగు పాఠకులకు పరిచయమైన ముఖాలు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. జనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలిచే ఈఏపీసెట్ ఇంజినీరింగు ప్రశ్నపత్రంలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉంటాయి, ఇంగ్లిషు ఉండదు. తెలుగు మీడియంలో చదివి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు బీటెక్‌లో అడుగుపెట్టగానే పాఠం, పుస్తకం, పరీక్ష అన్నీ ఇంగ్లిషులోకి మారతాయి. మనకు సన్నాహక ఏడాది లేదు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2017లో తెచ్చిన పరిచయ కార్యక్రమం మూడు వారాలది, అందులోనూ ఇంగ్లిషు ఒక భాగమే. గ్రామీణ ప్రాంతాల పదో తరగతి ప్రతిభావంతుల కోసం 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయ క్యాంపస్‌ల్లో ఆరేళ్ల చదువు పెట్టి, తొలి రెండేళ్లను ఇంటర్ స్థాయికి కేటాయించింది. భాష మారడానికి కాస్త ఊపిరి పీల్చుకునే కాలం దొరికే ఏర్పాటు అది. మిగతాచోట్ల మాత్రం టర్కీ విద్యార్థి ఏడాది పాటు పడే భయం, విసుగు, చిన్నతనం మన విద్యార్థి మొదటి సెమిస్టర్‌లోనే, అసలు సబ్జెక్టులతో పాటు కలిపి పడతాడు. వాళ్లది లెక్కకెక్కిన బాధ, మనది బ్యాక్‌లాగుల జాబితాలో కలిసిపోయే బాధ. 2021లో తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో ఇంజినీరింగు బోధనకు 14 కాలేజీలకు అనుమతి వచ్చింది. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం మొదలైంది. ఒకటి ఇటు లాగితే మరొకటి అటు లాగుతోంది. ఏ దారిలో వెళ్లినా భాష మారే మలుపు ఒకటి ఎక్కడో వస్తుంది. ఆ మలుపులో పిల్లల్ని ఎలా నడిపిస్తామన్నదే తేలాల్సిన విషయం.

టర్కీ ఏడాదిని యథాతథంగా తెచ్చుకోమని ఈ మాటల అర్థం కాదు. అది బయటపెట్టిన పాఠాన్ని తెచ్చుకోవాలి. భాష నేర్చుకోవడానికి సమయం ఇవ్వడం మంచిదే, కానీ ఆ సమయాన్ని శిక్షలా కడితే సమయమే శత్రువవుతుంది. ఇంగ్లిషు రాకపోవడం విద్యార్థి చేసిన నేరం కాదు. బడి, ప్రవేశ పరీక్ష కలిసి వాయిదా వేసిన పని అది. వాయిదా వేసినవాళ్లే ఆ బాకీలో తమ వాటా మోయాలి. ఆ వాటాను మార్కుల రూపంలోనో, సబ్జెక్టు పాఠాల రూపంలోనో, మెట్లు మెట్లుగా పెట్టిన పరీక్షల రూపంలోనో యూనివర్సిటీ భరించిన నాడు, ధైర్యం తెచ్చుకో అన్న మాటకు విద్యార్థి చెవిలో ఒక అర్థం ఉంటుంది. అంతదాకా ఆ సలహా, బరువు మోపినవాళ్లే మోసేవాణ్ని నిటారుగా నడవమన్నట్టే ఉంటుంది.